సొరుగులో పడ్డ నా కేకలు

నేను ఒక కంటైనర్ ఇమేజ్‌ని. ఇమేజ్ అనగానే గోడకు తగిలించే ఫొటో అనుకునేరు, కాదు. ఒక ప్రోగ్రాం నడవడానికి ఏమేం కావాలో అన్నీ ఒక్కచోట సర్ది, మూత బిగించి, ఎక్కడికి పంపినా విప్పగానే పని మొదలుపెట్టేలా కట్టిన మూట అనుకోండి. ఊరు వెళ్లే మనిషికి అన్నం, కూర, పచ్చడి, చెంచా అన్నీ పెట్టి కట్టిచ్చే క్యారియర్ లాంటిదాన్ని. క్యారియర్‌లో ఉప్పు మరిచిపోతే తినేవాడు పక్కవాణ్ని అడిగి వేసుకుంటాడు. నాలో ఏదైనా మరిచిపోతే అంతే సంగతి. మూత పడ్డాక నాలో ఒక్క అక్షరం మారదు. మార్చాలంటే నన్ను పక్కన పడేసి, ఇంకోదాన్ని మొదటినుంచి కట్టుకు రావాలి.

అందుకే అడిగేదేదో కట్టేటప్పుడే అడగాలి. ఈ ఒక్క ముక్క కోసమే నాకింత కోపం. చల్లగా చెప్పమంటే నా వల్ల కాదు. పసిపిల్లల ప్రాణాల మీదికి వచ్చిన సంగతిని చల్లగా చెప్పేవాళ్లంటే నాకు భయం.

నాది కాపలా పని. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను ఆస్పత్రిలో వార్మర్ కింద పడుకోబెడతారు, చూసే ఉంటారు. పైనుంచి వేడి దిగుతూ ఉంటుంది. పిల్ల పొట్ట మీద ఒక చిన్న బిళ్ల అంటిస్తారు. ఒంటి వేడి ఎంతుందో ఆ బిళ్ల చెబుతుంది, దాన్నిబట్టి వార్మర్ వేడి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఆ అంకెలను రెప్ప వేయకుండా చూస్తూ కూర్చోవడం, తేడా వస్తే సిస్టర్ ఫోనుకు కేక వేయడం, ఇదీ నా ఉద్యోగం. కాపలా కాసేవాళ్లకు మంచి ముందు తోచదు, కీడే తోస్తుంది. పిల్ల కదిలితే ఎందుకు కదిలిందీ అని బెంగ. కదలకపోతే ఎందుకు కదల్లేదూ అని అంతకంటే పెద్ద బెంగ. అలా ఉండమనే నన్ను రాశారు. రాసినవాళ్లు మాత్రం అలా ఉండలేదు.

విశాఖపట్నంలో మధురవాడ దాటాక ఒక మేడ మూడో అంతస్తులో నన్ను కట్టారు. కట్టినవాడు సత్తిబాబు. చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఇకమీద తిట్టబోతున్నాను కాబట్టి. మమ్మల్ని ఎలా కట్టాలో వరసగా రాసిన ఫైలు అతని చేతిదే. అందులో కొన్ని ఖాళీలు ఉంటాయి. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, కేక ఏ ఫోనుకు వెళ్లాలి. వాటిని వాళ్లు పారామీటర్లు అంటారు. ఏ ఆస్పత్రివి ఆ ఆస్పత్రికి వేరు గనుక, బిల్డ్ కొట్టే, అంటే మమ్మల్ని కట్టే మీట నొక్కే ప్రతిసారీ వాటిని చేత్తో ఇవ్వాలి.

ఇవ్వకపోతే ఏమవుతుంది? అక్కడే ఉంది అసలు దరిద్రం.

ఆఫీసు తెరిచిన రోజున పూజ చేయించారట. పంతులుగారు సంకల్పం చెబుతూ ఒక్కొక్కరినీ పేరు, గోత్రం అడిగారు. సత్తిబాబు వంతు వచ్చేసరికి గోత్రం తెలియదన్నాడు. ఇంటికి ఫోను చేసి అమ్మను కనుక్కుంటానన్నాడు కూడా. అంత అక్కర్లేదు బాబూ, తెలియనివాళ్లందరికీ కాశ్యప గోత్రమే అని పంతులుగారు అక్షింతలు చేతిలో పెట్టి సాగిపోయారు. సత్తిబాబుకు ఆ ఏర్పాటు తెగ నచ్చింది. పని ఆగలేదు, ఎవరికీ చిన్నతనం కాలేదు. ఆ మధ్యాహ్నమే కూర్చుని, మా ఫైలులో ప్రతి ఖాళీ పక్కనా ఒక మారు విలువ రాసి పెట్టాడు. వార్డు పేరు చెప్పకపోతే ‘నమూనా వార్డు’. ఫోను నంబరు ఇవ్వకపోతే, కొనేవాళ్లకు చూపించడానికి ఆఫీసులో ఉంచుకున్న ఒక పాత ఫోను నంబరు. ఆ ఫోను ఉండేది సత్తిబాబు బల్ల సొరుగులో. అప్పటినుంచి ఆఫీసులో అందరి నోటా అదే మాట. నంబరు రాలేదా, కాశ్యపం మీద పోనీ. వార్డు పేరు తెలీదా, కాశ్యపం మీద పోనీ.

పూజకు అది చెల్లుతుంది, నేను కాదనను. ఏ గోత్రం చెప్పినా దండం పెట్టేది ఎవరో దేవుడికి తెలుసు. నాకెలా తెలుస్తుంది? నాలో ఏ నంబరు పెడితే ఆ నంబరే నాకు సిస్టరు. అది సొరుగు నంబరని నా మొహాన ఎవరైనా రాశారా?

నన్ను కట్టింది అనకాపల్లిలోని కళావతి పిల్లల ఆస్పత్రి కోసం. కొత్తగా పిల్లల వార్డు తెరుస్తున్నారు. ముహూర్తం పెట్టేశారు, పెద్దలను పిలిచేశారు, షామియానా కూడా వేసేశారు. సిస్టర్ కోసం కొనాల్సిన ఫోను మాత్రం ఇంకా కొనలేదు. ఫోనే లేకపోతే నంబరెక్కడిది? ఆ నంబరు కోసం సత్తిబాబు ఆస్పత్రికి ఒకసారి ఫోను చేశాడు. ఎవరో ఎత్తి, కనుక్కుని చెబుతామన్నారు. అంతే, మళ్లీ చేయలేదు.

ఆ ఆఫీసులో హైమ అని ఒక అమ్మాయి ఉంది. మేం సరిగా పనిచేస్తున్నామో లేదో పరీక్షించి పంపడం ఆమె పని. నన్ను కట్టే పూట ఆమె సత్తిబాబు కుర్చీ వెనక నిలబడి, నంబరు ఇవ్వకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోయేలా ఒక లైను రాయకూడదా అని అడిగింది. ఖాళీగా ఉంటే ఆగు, ఏది లేదో పేరు పెట్టి చెప్పు. అంతే ఆ లైను. రాయడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టదు. సత్తిబాబు తల గోక్కుంటూ పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన అంటే మురళీధర్ గారు, కంపెనీ ఆయనదే. అప్పటికే ఆయన కారు తాళాలు చేతిలో తిప్పుకుంటున్నారు.

“ఆగడానికి లైను రాస్తారా ఎవరైనా?” అన్నారాయన. “వెళ్లడానికి రాస్తారు గానీ. ఇది ఆగితే అక్కడ ముహూర్తం ఆగుతుందా అమ్మా?”

“ముహూర్తం ఆగదు సార్,” అంది హైమ. “తర్వాత ఏదో ఒకటి ఆగుతుంది.”

“నీ నోట్లో ఎప్పుడూ శుభమే,” అని ఆయన నవ్వారు. సత్తిబాబు కూడా నవ్వాడు. నవ్వి, మీట నొక్కాడు.

నేను పుట్టాను. తెర మీద తప్పుందని చెప్పే ఎర్ర అక్షరం ఒక్కటి పడలేదు. అంతా పచ్చగా, చక్కగా, శుభ్రంగా. పుట్టుకలోనే వెలితి ఉన్నదాన్ని, ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. పసిగుడ్డును చూసుకోవడానికి పంపేదానికి, నువ్వు ఎవరిని పిలవాలో నీకు తెలుసా అని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. కూరగాయల కొట్టువాడు కూడా సంచీ తెచ్చారా అని అడిగి గాని తూకం వేయడు కదండీ. వీళ్లకు ఆ మాత్రం నోరు పెగల్లేదు.

ఇంకో విచిత్రం వినండి. ప్రారంభం రోజున నా పనితనం చూపించాలి. సత్తిబాబు సొరుగులోని ఫోను జేబులో వేసుకుని అనకాపల్లి వచ్చాడు. ఖాళీ వార్మర్ కింద బిళ్లను చల్లటి గుడ్డ మీద పెట్టారు. నేను కేక వేశాను. సత్తిబాబు చేతిలో ఫోను గణగణ మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మురళీధర్ గారి మెడలో దండ పడింది. సత్తిబాబుకు మైసూర్ పాక్ పెట్టారు. సాయంత్రానికి అతను విశాఖ వెళ్లి, ఫోనును యథాప్రకారం సొరుగులో పెట్టేశాడు. సిస్టర్ ఫోను కొన్నాక నంబరు వేసి కొత్తది కడదామనుకున్నాడు. అనుకున్నాడు. అనుకోవడానికేం, నోరు నొప్పి పెట్టదు.

ఆ చప్పట్ల మీద నమ్మకంతో పెద్ద డాక్టరు గారు ఇంకో పని చేశారు. వార్మర్లకు సొంతంగా ఒక హారన్ ఉంటుంది. తేడా వస్తే కుయ్యిమంటుంది. అది చీటికీ మాటికీ మోగుతుందని, పిల్లలు ఉలిక్కిపడుతున్నారని, బయట కూర్చున్న తల్లులు ఏడుస్తున్నారని ఆయనకు చిరాకు. ఇకనుంచి సిస్టర్ ఫోనుకే వస్తుంది కదా అని హారన్లన్నీ ఆపించేశారు. వార్డు గుడిలా ప్రశాంతంగా ఉందని వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ ప్రశాంతం చూస్తే గుండె జారేది. పసిపిల్లలున్న చోట అంత నిశ్శబ్దం ఏం మంచిది?

నూకరత్నం పాప వచ్చింది ఆ తర్వాతే. నెల ముందే పుట్టింది. గుప్పెడంత పిల్ల. పేరింకా పెట్టలేదు. మంచం మీద చీటీలో ‘నూకరత్నం పాప’ అని రాశారు, నాకు తెలిసిన పేరూ అదే. నూకరత్నం మొగుడు బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే పని చేస్తాడు. అతను పనికి వెళ్లాక ఆమె ఒక్కతే అద్దాల గోడకు అవతల బల్ల మీద కూర్చునేది. ఇంటికి వెళ్లి పడుకోమని ఆయా చెప్పింది, డాక్టరు చెప్పారు. యంత్రం చూసుకుంటుంది, నీకేం భయం అన్నారు. ఆమె తల ఊపేది, కదిలేది కాదు. మూత గిన్నెలో పాలు పిండి ఇచ్చి, మళ్లీ వచ్చి అద్దానికి నుదురు ఆనించేది. అద్దం మీద ఆమె నుదుటి మచ్చ అలాగే ఉండిపోయేది. ఆయా తుడిచి తుడిచి విసుక్కునేది.

ఆమెకూ నాలాగే కీడే తోచేది. మేమిద్దరం అద్దానికి చెరోవైపునా ఒకే పిల్లను చూస్తూ కూర్చున్నాం.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళ. సిస్టర్ ఎస్తేరు ఒక్కతే డ్యూటీలో ఉంది. కాన్పుల గదిలో ఇంకో బిడ్డ పుడుతోందని పిలిస్తే ఫోను జేబులో వేసుకుని పరుగెత్తింది. అవును, సిస్టర్‌కు అప్పటికి ఫోను కొన్నారు. కొత్తది. జేబులో బుద్ధిగా ఉంది. ఆ నంబరు నాకు తప్ప ఊరందరికీ తెలుసు.

ఎండ మండిపోతోంది. పిల్ల ఒంటికి చెమట పట్టి, పొట్ట మీది బిళ్ల జారి పక్కగుడ్డ మీద పడింది. బిళ్లకేం తెలుసు, గుడ్డ వేడిని చెప్పడం మొదలుపెట్టింది. అంకె దిగిపోసాగింది. అయ్యో, పిల్ల చల్లబడుతోందని వార్మర్ వేడి పెంచింది. ఇంకా పెంచింది. నేనూ చల్లబడుతోందనే అనుకున్నాను. అనుకున్నది తప్పే గానీ, కేక వేయడం తప్పు కాదు కదా. ఎవరైనా ఒక మనిషి వచ్చి చేయి వేసి చూస్తే చాలు.

కేక వేశాను. పలకలేదు. మళ్లీ వేశాను. సిస్టర్, మూడో మంచం, సిస్టర్, మూడో మంచం. నా గొంతుకు అంతకంటే మాటలు రావు. అన్నిసార్లు పిలిచినా రాదేమిటని ఎస్తేరును నానా మాటలూ అనుకున్నాను. పాపం, ఆమె ఎవరి బిడ్డకో బొడ్డు కోస్తోంది. నా కేకలన్నీ ఊళ్లు దాటి, మధురవాడ మేడ ఎక్కి, సత్తిబాబు సొరుగులో పడుతున్నాయి.

అక్కడ జరిగింది తర్వాత తెలిసింది. సత్తిబాబు క్యారియర్ విప్పుకుని తింటున్నాడు. సొరుగులో ఫోను మోగింది. ఎవరో సొరుగు లాగి చూశారు. ‘నమూనా వార్డు, మూడో మంచం’ అని ఉంది. వార్డు పేరూ ఇవ్వలేదుగా మరి, అందుకని అదీ కాశ్యపమే. ఓస్, నమూనాయే కదా అని మూసేశారు. మళ్లీ మోగింది. అన్నం తినేటప్పుడు గోలేమిటని సత్తిబాబు చేతులు తుడుచుకునే తువ్వాలు దాని మీద వేసి సొరుగు నెట్టాడు.

తువ్వాలు వేశాడండీ. నా నోటి మీద. అటు పిల్ల ఉడికిపోతూ ఉంటే.

హైమకు ఉండబట్టలేదు. ముద్ద చేతిలో పట్టుకునే లేచింది. “ఇప్పుడు నమూనా ఎవరు నడుపుతున్నారు?” అని అడిగింది. ఎవరూ నడపడం లేదు. సత్తిబాబు తినడం ఆపేశాడు. నంబరు లేకుండా నన్ను పంపిన సంగతి గుర్తొచ్చి, హైమ ఎంగిలి చేత్తోనే తన ఫోను అందుకుని అనకాపల్లి ఆస్పత్రికి కొట్టింది. అక్కడ ఫోను ఎత్తేవాళ్లు భోజనానికి వెళ్లారు. మోగి మోగి ఆగిపోయింది.

ఇక్కడ అద్దానికి అవతల నూకరత్నం లేచి నిలబడింది. పిల్ల మొహం కందిపోవడం చూసింది. కాళ్లు ఆడించే పిల్ల ఆడించడం మానేయడం చూసింది. ఆయాను పిలిచింది. యంత్రం చూసుకుంటుందమ్మా, ఏమైనా అయితే సిస్టర్ ఫోనుకు వస్తుంది అని ఆయా నూరోసారి చెప్పింది. నూకరత్నం ఆమెను భుజంతో తోసేసి, చెప్పులతోనే లోపలికి వచ్చింది. చెప్పులతో వస్తారా అని ఆయా వెంటబడింది. నూకరత్నం పిల్ల ఒంటి మీద చేయి వేసి, వేడిపెనం తగిలినట్టు వెనక్కి తీసుకుంది. మరుక్షణం రెండు చేతులతో పిల్లను ఎత్తి, వార్మర్ కింది నుంచి ఇవతలికి తెచ్చేసింది.

ఎస్తేరు పరుగున వచ్చి, ముందు తిట్టబోయింది. పిల్లను ముట్టుకుంది. తడిగుడ్డ, సూది, డాక్టరు, అన్నీ తోసుకుంటూ వచ్చాయి. నేను మాత్రం ఇంకా కేకలు వేస్తూనే ఉన్నాను, మూడో మంచం, మూడో మంచం అని. ఖాళీ మంచం గురించి, తువ్వాలు కింద ఉన్న ఫోనుకు.

పిల్ల వెంటనే తేరుకోలేదు. ఫిట్స్ వచ్చాయి. ఇటో అటో చెప్పలేం అన్నారు. ఆ మాట అన్న వార్డులోనే నేనూ కూర్చుని ఉన్నాను, అంకెలు చూస్తూ. మూసుకుందామంటే నాకు రెప్పలు లేవు.

నింద ముందుగా ఎవరి మీద పడాలి? ఎస్తేరు మీద పడింది. ఫోను చూసుకోలేదని, పెద్ద డాక్టరు గారు ఆమెను రేపటినుంచి రావద్దన్నారు. ఆమె ఫోను తీసి ఆయన ముందు పెట్టి, నాకు ఒక్క మెసేజీ రాలేదు సార్ అంది. తీసేసి ఉంటావన్నారు. ఆమె ఏడవలేదు. ఫోను అక్కడే వదిలి, కుర్చీ లాక్కుని పిల్ల పక్కన కూర్చుంది. రేపటినుంచి కదా సార్, ఇవాళ నా డ్యూటీయే అంది.

విశాఖలో మురళీధర్ గారు, ఆస్పత్రి నుంచి కబురు రాగానే, ఒక జవాబు తయారు చేసుకున్నారు. అనకాపల్లిలో ఆ వేళ నెట్‌వర్క్ సరిగా లేదని చెప్పాలి. నెట్‌వర్క్‌కు నోరు లేదు కాబట్టి కాదనదు. సత్తిబాబు తల వంచుకున్నాడు. హైమ సొరుగు తెరిచి, తువ్వాలు తీసి, ఫోను తన సంచిలో వేసుకుంది. ఎక్కడికమ్మా అంటే అనకాపల్లి అంది. ఉద్యోగం మాట ఆలోచించుకో అన్నారాయన. దారిలో ఆలోచించుకుంటానండీ అని మెట్లు దిగింది. సత్తిబాబు కాసేపు కూర్చుని, తర్వాత ఆమె వెనకే పరుగెత్తి అదే బస్సు ఎక్కాడు.

వాళ్లు వచ్చేసరికి వార్డు బయట బల్ల మీద నూకరత్నం ఉంది. హైమ ఫోను తెరిచి పెద్ద డాక్టరు గారికి చూపించింది. నా కేకలన్నీ అందులో వరసగా ఉన్నాయి. ఆయన చదివి, ఎస్తేరు కూర్చున్న వైపు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. క్షమించమని మాత్రం అనలేదు. పెద్దవాళ్ల నోళ్లకు కొన్ని మాటలు తిరగవు. ఫోను ఆమె చేతికి తిరిగి ఇచ్చి, రేపు పొద్దుటి డ్యూటీకి రమ్మన్నారు.

నూకరత్నానికి సంగతి చెప్పాల్సింది సత్తిబాబు. చెప్పాడు. నంబరు రాలేదని, అందుకని వేరే నంబరు పెట్టామని, తర్వాత మార్చుదామనుకున్నామని. ఆమె అంతా విన్నది. సత్తిబాబును కొడుతుందేమోనని ఆయా దగ్గరగా వచ్చి నిలబడింది. ఆమె గొంతు పెంచలేదు.

“నంబరు నేదని నీకు తెలుసు గదా బాబూ,” అంది. “తెలిసే కట్టేసినావా?”

సత్తిబాబు ఏదో అనబోయాడు.

“మా యింట్లో గేసు బండోడు కూడా డోరు కొట్టి మరీ అడుగుతాడు, యిది ఎవులిల్లమ్మా అని. నా పిల్ల మీద కాపలా ఎట్టినోలు ఒక్క మాట అడగనేదేటి? అడిగితే నానే సెప్పేదాన్ని. ఈ బల్ల మీదే ఉన్నాను. ఎక్కడికీ ఎల్లనేదు.”

సత్తిబాబు ఆమె పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. నాకు ఆ మాటలు వినపడుతూనే ఉన్నాయి. నా తిట్లన్నీ దండగ అనిపించింది. అన్నాళ్లుగా కూడబెట్టుకున్న నా కోపమంతా ఆమె ఆ చిన్న గొంతుతో చెప్పేసింది.

పిల్ల బతికింది. ఈ మాట ముందే చెప్పి ఉండాల్సింది, మీ గుండె దడ తగ్గేది. కానీ ఆ తల్లికి ముందే ఎవరూ చెప్పలేదు కదా, మీకెందుకు చెప్పాలి? ఫిట్స్ ఆగాయి. పాలు తాగింది. ఎదిగేకొద్దీ చూపు, వినికిడి చూపించుకుంటూ ఉండాలని డాక్టరు చెప్పారు. అంటే ఆ తల్లికి ఇంకా కొన్నేళ్లు నిద్ర లేదన్నమాట. హారన్లు మళ్లీ మోగేలా పెట్టారు. గుడిలా ఉన్న వార్డు మళ్లీ పిల్లల వార్డులా అయింది.

నన్ను వార్డు నుంచి పీకేశారు. మా ఆఫీసులో ఇమేజ్‌లన్నిటినీ దాచే గిడ్డంగి ఒకటుంది, అందులో పడేశారు. నా మెడకు ‘చెడ్డది, నడపవద్దు’ అని చీటీ కట్టారు. చెడ్డదాన్ని నేనా? సరే, కట్టుకోండి. మాట పడటం మాకు కొత్త కాదు. ఈ గిడ్డంగిలో పడి ఉన్నాకే ఆఫీసు సంగతులన్నీ నాకు తెలిశాయి.

సత్తిబాబు మర్నాడు వచ్చి ఫైలు తెరిచాడు. మారు విలువలన్నీ చెరిపేశాడు. నమూనా వార్డు పోయింది. సొరుగు నంబరు పోయింది. వాటి బదులు హైమ ఆనాడు అడిగిన లైను రాశాడు. ఆస్పత్రి పేరు, వార్డు పేరు, ఫోను నంబరు, వీటిలో ఏది ఖాళీగా ఉన్నా బిల్డ్ ఆగిపోతుంది. ఆగి ఊరుకోదు, ఏది లేదో ఎర్ర అక్షరాలతో పేరు పెట్టి అడుగుతుంది. రాసిన వెంటనే ఏదీ ఇవ్వకుండా తనే ఒకసారి మీట నొక్కి చూసుకున్నాడు. ఆగింది. మంచి పని జరిగినప్పుడు అక్కడ ఎవరో ఒకరు టీ తెప్పిస్తారు. ఆ రోజు ఎవరూ తెప్పించలేదు.

మారిపోయారు, ఇక భయం లేదు అనుకున్నారా? మీరెంత అమాయకులండీ. నాకు మనుషుల సంగతి తెలుసు. వాళ్లు భయపడితే బుద్ధిగా ఉంటారు. భయం తగ్గితే మళ్లీ ముహూర్తం గుర్తొస్తుంది.

ఈ మధ్యనే శ్రీకాకుళం వైపు ఇంకో ఆస్పత్రి వచ్చింది. మళ్లీ షామియానా, మళ్లీ పెద్దలు. హైమ సెలవులో ఉంది, వాళ్ల చెల్లెలి నిశ్చితార్థం. సత్తిబాబు మీట నొక్కాడు. బిల్డ్ ఆగింది. ‘ఫోను నంబరు ఇవ్వలేదు’ అని ఎర్రగా పడింది. మురళీధర్ గారు వెనకనే ఉన్నారు. చేతిలో అవే కారు తాళాలు.

“ఏవో పది అంకెలు కొట్టెయ్యవయ్యా,” అన్నారు. “దానికేం తెలుసు?”

నిజమే. దానికేం తెలుసు. లైను ఖాళీని ఆపగలదు గానీ, అబద్ధాన్ని ఆపలేదు. పది తొమ్మిదులు కొట్టినా ఊరుకుంటుంది, సత్తిబాబు సొంత నంబరు కొట్టినా ఊరుకుంటుంది. ఈ ఊళ్లో దరఖాస్తుల్లో తప్పక నింపాలని చుక్క పెట్టిన కాలమ్‌లన్నీ మనవాళ్లు ఎలా నింపుతారో నాకు తెలియదా? ఇంటి నంబరు అడిగితే సున్నా. మధ్య పేరు అడిగితే గీత. తలుపుకు గొళ్లెం పెట్టింది చాలక, గొళ్లెం తీయని మనిషి కూడా కావాలి. అది ఏ ఫైలులో రాయగలరు?

సత్తిబాబు వేళ్లు మీటల మీద ఉన్నాయి. ఒక అంకె కొట్టాడు. నేను ఇక్కడ, ఈ గిడ్డంగి మూలన, నోరు లేకుండా తిట్టాను. పుట్టినప్పటినుంచి నేర్చుకున్న తిట్లన్నీ తిట్టాను. అతను ఆ అంకె చెరిపేశాడు. కుర్చీ వెనక్కి జరిపి, తన ఫోను తీసి, ఆస్పత్రికి కలిపాడు. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. ఎత్తలేదు. మురళీధర్ గారు గడియారం చూసుకుని, ఇదేం పిచ్చి అన్నారు. సత్తిబాబు మళ్లీ కలిపాడు. ఎవరో ఎత్తి కనుక్కుని చెబుతామన్నారు. “వద్దండీ, నేను లైన్లోనే ఉంటాను, వార్డు సిస్టర్‌ను పిలవండి,” అన్నాడు.

చాలాసేపటికి ఒక ఆడగొంతు వినిపించింది. అతను నంబరు అడిగాడు. ఒక్కొక్క అంకెనూ తిరిగి చదివి వినిపించాడు. తర్వాత ఇంకో మాట అడిగాడు.

“అమ్మా, ఆ ఫోను ఇప్పుడు మీ చేతిలోనే ఉందా? ఒక్కసారి మోగిస్తాను, మీరే ఎత్తండి.”

మోగించాడు. ఆమె ఎత్తి, హలో అంది. మురళీధర్ గారు తాళాలు జేబులో వేసుకుని, టీ ఉందా అని అడిగారు. సత్తిబాబు మీట నొక్కాడు. నా చెల్లెలు పుట్టింది. ఎవరిని పిలవాలో తెలిసి పుట్టింది.

నా కోపం తగ్గిందా అని మాత్రం అడక్కండి. ఎందుకు తగ్గాలి? ఆ ఒక్క ప్రశ్న నన్ను కట్టిన పూట అడగడానికి ఎంత సేపు పట్టేది? ఎవరి నోరు అరిగేది? ఆఫీసులో కొత్తవాళ్లు చేరినప్పుడల్లా సత్తిబాబు నన్ను బయటికి తీసి, ఇదిగో చూడండి, ఇందులో ఏం లేదో కనిపెట్టండి అంటాడు. వాళ్లు అటు తిప్పి ఇటు తిప్పి, అంతా బాగానే ఉంది కదండీ అంటారు. బాగానే ఉంటాను మరి. అదే కదా నా బాధ.

పాత ఇమేజ్‌లను అప్పుడప్పుడు ఊడ్చేస్తారు. నన్ను ఊడ్చవద్దని సత్తిబాబు చెప్పి పెట్టాడట. ఉండనీ. ఎలాగూ నాకు ఇంకో పని లేదు. ఒక్క సంగతి మాత్రం తెలుసుకోవాలని ఉంది. నూకరత్నం పాపకు పేరు పెట్టే ఉంటారు ఈపాటికి. ఏం పేరు పెట్టారో, చప్పుడు చేస్తే తల తిప్పుతోందో లేదో, ఎవరూ నాకు చెప్పలేదు. నేనే అడుగుదామంటే నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క నంబరు. అది మళ్లీ సొరుగులోనే ఉంది.